ఇంట్లో మోషన్ సిమ్యులేటర్ కడుతున్నారా? యాక్చుయేటర్ మీద రాసిన కిలోలు చూసి కొనకండి

మొన్న విజయవాడలో మా ఖాలా వాళ్లింటికి వెళ్లాను. చాయ్ తాగడం పూర్తి కాకముందే ఖాలా కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "భాయ్‌జాన్, పైకి రండి, మీకు ఒకటి చూపించాలి" అని మేడ మీది గదికి లాక్కెళ్లాడు. వాడు ఇంజినీరింగ్ మెకానికల్ రెండో ఏడాది. గది మధ్యలో పాత కారు సీటు, దాని కింద వెల్డింగ్ చేయించిన ఇనుప చట్రం, చట్రం నాలుగు మూలలా నాలుగు లీనియర్ యాక్చుయేటర్లు. ముందు గేమ్ ఆడే స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు, ఎదురుగా టీవీ. తెర మీద కారు బ్రేకు వేస్తే సీటు ముందుకు వంగాలి, మలుపు తిరిగితే పక్కకి ఒరగాలి, గుంత వస్తే ఎగరాలి. దీన్నే మోషన్ సిమ్యులేటర్ అంటారు.

నన్ను కూర్చోబెట్టి గేమ్ పెట్టాడు. తెర మీద కారు మూడు మలుపులు దాటేసింది. నా సీటు మాత్రం ఇంకా మొదటి మలుపుకే ఒరుగుతోంది. జూ... అని సన్నగా చప్పుడు చేస్తూ, ఆసుపత్రి మంచం లేచినట్టు. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాను. వాడి మొహం చూస్తే నవ్వాలనిపించలేదు.

"కొనేటప్పుడు ఏం చూశావురా?" అని అడిగాను.

"ఒక్కోటి 150 కిలోలు లేపుతుందని రాసి ఉంది భాయ్‌జాన్. నాలుగు కలిపితే 600 కిలోలు. మనిషి, సీటు అంతా కలిపినా 150 దాటదు కదా అనుకున్నా."

ఒక్కోటి 3,500 రూపాయలు. నాలుగింటికి 14,000. దమ్మామ్ నుంచి ఖాలూ సెమిస్టర్ ఖర్చులకని పంపిన డబ్బులోంచి తీశాడు. ఖాలాకి ఇంకా చెప్పలేదట. కొన్న దుకాణం వాళ్లు, వైర్లు తగిలించిన సరుకు వెనక్కి తీసుకోమన్నారు.

నేను చదివింది బీకాం. యంత్రాలు నా సబ్జెక్టు కాదు. కానీ లెక్క నా సబ్జెక్టే. ఆ యాక్చుయేటర్ మీద అంటించిన చీటీ ఫోటో తీసుకుని వచ్చాను. ఆ తర్వాత కొన్ని వారాలు దీని గురించి చదివాను, ఆటోనగర్‌లో లేతు పనివాళ్లని అడిగాను. తేలిందేమిటంటే, దుకాణం వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ వస్తువు నిజంగానే 150 కిలోలు లేపుతుంది. మావాడు చూడాల్సిన అంకె మాత్రం అది కాదు. చాలా ఇళ్లల్లో పిల్లలు వీడియోలు చూసి ఇలాంటివి కడతామని అడుగుతున్నారు కాబట్టి, డబ్బు ఇచ్చే పెద్దవాళ్లకీ అర్థమయ్యేలా ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

చీటీ మీద ఏముంది?

లీనియర్ యాక్చుయేటర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం కాదు. లోపల ఒక మోటారు, కొన్ని గేర్లు, ఒక పొడుగాటి స్క్రూ. మోటారు తిరిగితే స్క్రూ తిరుగుతుంది, స్క్రూ మీద నట్టు జరుగుతుంది, నట్టుకి బిగించిన రాడ్డు బయటికి వస్తుంది. అటు తిప్పితే బయటికి, ఇటు తిప్పితే లోపలికి. ఆసుపత్రి మంచాలు, వాలు కుర్చీలు, ఎండని బట్టి తిరిగే సోలార్ ప్యానెళ్లు, అన్నింట్లో ఉండేది ఇదే.

మావాడి చీటీ మీద ఇలా ఉంది: 12 వోల్టులు, 5 ఆంపియర్లు, బలం 1,500 న్యూటన్లు, వేగం సెకనుకి 10 మి.మీ., స్ట్రోక్ 150 మి.మీ., డ్యూటీ సైకిల్ 10 శాతం. స్ట్రోక్ అంటే రాడ్డు మొత్తం ఎంత దూరం బయటికి వస్తుందో అది. 10 న్యూటన్లు అంటే దాదాపు ఒక కిలో బరువు, కాబట్టి 1,500 న్యూటన్లు అంటే 150 కిలోలు.

ఇప్పుడు బలాన్ని వేగంతో గుణించండి. 1,500 న్యూటన్లు × సెకనుకి 0.01 మీటరు = 15 వాట్లు. ఆ యాక్చుయేటర్ చేయగలిగే అసలు పని అంతే. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు తినేంత. లోపలికి మాత్రం 12 × 5 = 60 వాట్లు వెళ్తున్నాయి. మిగతా 45 గేర్లలో, స్క్రూ రాపిడిలో, మోటారు తీగల్లో వేడిగా పోతున్నాయి.

"అయితే వేగంగా పోయే మోడల్ తీసుకుంటే సరిపోయేదిగా?" అన్నాడు మావాడు. సరిపోదు. మోటారు అదే ఉంచి గేర్లు మారిస్తే వేగం సెకనుకి 60 మి.మీ. అవుతుంది, కానీ బలం 250 న్యూటన్లకి పడిపోతుంది. అంటే 25 కిలోలు. నాలుగూ కలిస్తే 100 కిలోలు, సీటు లేవనే లేవదు. సైకిల్ గేరు లాంటిదే ఇది. ఎత్తు ఎక్కే గేరులో బలం ఉంటుంది, పరుగు ఉండదు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. రెండూ కావాలంటే మోటారే పెద్దది కావాలి.

మరి ఎంత వేగం కావాలి?

ఇక్కడ కొంచెం చెవి సంగతి తెలియాలి. మన లోపలి చెవిలో ఉండే అవయవం వేగాన్ని పట్టుకోదు, వేగంలో మార్పుని పట్టుకుంటుంది. కారు 100 కి.మీ. వేగంతో నిలకడగా పోతుంటే కళ్లు మూసుకుని కూర్చోండి, కదులుతున్నట్టే అనిపించదు. డ్రైవరు బ్రేకు మీద కాలు వేయగానే తెలిసిపోతుంది. అందుకే సిమ్యులేటర్ మనల్ని ఎక్కడికీ తీసుకెళ్లక్కర్లేదు. సరైన క్షణంలో ఒక కుదుపు ఇచ్చి, మనకి తెలియనంత మెల్లగా మళ్లీ మధ్యకి వచ్చి నిలబడితే చాలు. విమాన పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద సిమ్యులేటర్లు చేసే పని కూడా ఇదే.

ఆ కుదుపు ఆలస్యం అయితే లేనిదానికంటే అన్యాయం. కళ్లు ఒకటి చెప్తాయి, చెవి ఇంకొకటి చెప్తుంది, కడుపులో తిప్పుతుంది. మావాడి సీటు మీద పది నిమిషాలకే నాకు అదే జరిగింది.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. సీటు పైకీ కిందికీ ఊగుతోంది అనుకోండి. కావలసిన గరిష్ఠ వేగం = 6.28 × సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుంది × మధ్య నుంచి ఒక వైపుకి ఎంత దూరం. గతుకుల రోడ్డు అనిపించాలంటే సెకనుకి 2 సార్లు, అటు 10 మి.మీ., ఇటు 10 మి.మీ. ఊగాలి అనుకుందాం. 6.28 × 2 × 10 = సెకనుకి సుమారు 126 మి.మీ. రేసు ట్రాక్ అంచున గళ్లు గళ్లుగా ఉండే కట్ట ఎక్కినట్టు ఉండాలంటే సెకనుకి 5 సార్లు, అటూ ఇటూ 5 మి.మీ. అప్పుడు 157 మి.మీ. కావాలి.

అదే లెక్కని మావాడి యాక్చుయేటర్‌కి తిరగేయండి. సెకనుకి 10 మి.మీ. వేగంతో, సెకనుకి 2 సార్లు ఊగాలంటే అది కదలగలిగే దూరం ఒక్కో వైపుకి 0.8 మి.మీ. ఒక మిల్లీమీటరు కూడా కాదు. సీటు మీద స్పాంజే దాన్ని మింగేస్తుంది.

బలం లెక్క కూడా చూసేద్దాం. మనిషి, సీటు, చట్రం, స్టీరింగు కలిపి 150 కిలోలు. నాలుగు మూలలకి పంచితే 37 కిలోలే కదా అనిపిస్తుంది. కానీ మనిషి వెనక్కి కూర్చుంటాడు. 60 శాతం బరువు వెనక రెండు మూలల మీదే పడితే ఒక్కోదానికి 45 కిలోలు. అది ఉత్తినే నిలబడటానికి. గట్టిగా కుదుపు ఇస్తూ పైకి లేపాలంటే దానికి ఒకటిన్నర రెట్లు, ఒరిగినప్పుడు ఒక మూల మీద పడే అదనపు భారం ఇంకొంత. మొత్తానికి ఒక్కో మూలకి 100 కిలోలు, అంటే 1,000 న్యూటన్లు పట్టుకోవడం క్షేమం. వేగం సెకనుకి 200 మి.మీ. అనుకుంటే, 1,000 × 0.2 = 200 వాట్లు. కావాల్సింది 200, మావాడు కొన్నది 15. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రేటు కట్టాల్సింది కిలోకి కాదు, వాటుకి

ఇంట్లో సిమ్యులేటర్ కట్టేవాళ్లలో బాగా పేరున్న డిజైన్ ఒకటుంది, ఎస్‌ఎఫ్‌ఎక్స్-100 అంటారు. డిజైన్ అందరికీ తెరిచి పెట్టినదే, కొన్ని భాగాలు త్రీడీ ప్రింటర్‌లో అచ్చు వేసుకోవచ్చు. అందులో వాడేది 750 వాట్ల ఏసీ సర్వో మోటారు, దానికి ఒక డ్రైవ్, ఒక బాల్ స్క్రూ. మోటారు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు 5 మి.మీ. జరుగుతుంది. అంటే నిమిషానికి 15,000 మి.మీ., సెకనుకి 250 మి.మీ. ఆ మోటారు తిప్పే బలం 2.4 న్యూటన్ మీటర్లు. స్క్రూ రాపిడిలో పదో వంతు పోయిందనుకున్నా దాదాపు 2,700 న్యూటన్ల తోపు వస్తుంది. వేగంతో గుణిస్తే సుమారు 675 వాట్లు.

ఇప్పుడు మా కామర్స్ వాళ్ల పద్ధతి. 3,500 రూపాయల యాక్చుయేటర్ ఇచ్చేది 15 వాట్లు, అంటే వాటుకి 233 రూపాయలు. సర్వో, డ్రైవ్, స్క్రూ, ఇనుము, బేరింగులు కలిపి ఒక మూలకి 35,000 అయిందని ఊరికే అనుకుందాం. వాటుకి 52 రూపాయలు. చవకది అనుకున్నదే నాలుగు రెట్లు ఖరీదు! అలాగని సర్వో కొనేయమని చెప్పడం లేదు. 35,000 చొప్పున నాలుగు మూలలకి 1,40,000 అవుతుంది. ఒక చదువుకునే పిల్లాడి సరదాకి అంత పెట్టే ఇళ్లు మనలో ఎన్ని? చెప్పేది ఒక్కటే. తక్కువ ధర వస్తువు నాలుగు కొంటే తక్కువలో పని అయిపోయినట్టు కాదు, ఆ 14,000 మొత్తం పోయినట్టే.

డబ్బు తక్కువ ఉన్నవాళ్లకి వేరే దారి ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు చీటీ మీద మిగిలిన మూడు నాలుగు విషయాలు.

డ్యూటీ సైకిల్ 10 శాతం అంటే, ప్రతి 20 నిమిషాల్లో 2 నిమిషాలు నడిపి 18 నిమిషాలు చల్లారనివ్వాలి. మంచం లేపడానికి 2 నిమిషాలు ఎక్కువే. గేమ్ గంటసేపు ఆడతారు, మోటారు ప్రతి సెకనూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. చీటీ మీద ఈ అంకె 100 శాతం లేకపోతే అది సిమ్యులేటర్‌కి పనికొచ్చేది కాదు. మావాడివి పావుగంటకే చెయ్యి పెట్టలేనంత కాలాయి.

తర్వాత, తీగలు లెక్కపెట్టండి. రెండే తీగలు ఉంటే ఆ యాక్చుయేటర్ తన రాడ్డు ఎంత బయటికి వచ్చిందో కంప్యూటర్‌కి చెప్పలేదు. పొటెన్షియోమీటరో ఎన్‌కోడరో లోపల ఉంటే అదనపు తీగలు ఉంటాయి. నాలుగు మూలల్లో ఏది ఎక్కడుందో తెలియకపోతే ఒకటి పైకి, ఒకటి కిందికి పోయి చట్రాన్నే మెలిపెడతాయి. మావాడివి రెండు తీగలవే. కాబట్టి అవి ఎంత వేగంగా ఉన్నా ఉపయోగం ఉండేది కాదు.

స్ట్రోక్ గురించి పిల్లలు ఎక్కువ మోజు పడతారు, 150 కావాలి, 200 కావాలి అని. లెక్క చూడండి. ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య 1.2 మీటర్లు ఉంటే, 100 మి.మీ. స్ట్రోక్‌తో సీటు దాదాపు 5 డిగ్రీలు వంగుతుంది. వీడియోలో చూస్తే తక్కువే, కూర్చుంటే మాత్రం బాగా తెలుస్తుంది. డబ్బు స్ట్రోక్ మీద కాకుండా వేగం మీద పెట్టడం మంచిది. పైగా రాడ్డు ఎంత పొడుగ్గా బయటికి వస్తే పక్కనుంచి పడే బరువుకి అంత త్వరగా వంగుతుంది. యాక్చుయేటర్ నిలువుగా తోయడానికి తయారైంది, పక్క తోపుని మోయడానికి కాదు. అందుకే చివర్లో అన్ని వైపులా తిరిగే బాల్ జాయింట్ పెట్టాలి, లేదా నేల మీద కాళ్లు కాస్త జరిగే వీలు ఇవ్వాలి. బోల్టు వేసి నేలకి బిగించేస్తే స్క్రూ చేతికి వస్తుంది.

కరెంటు పోతే ఏమవుతుంది?

ఇది మన ఊళ్లలో అడగాల్సిన ప్రశ్న. మంచాల్లో వాడే మామూలు స్క్రూకి రాపిడి ఎక్కువ. అందుకే శక్తి వృథా అవుతుంది. కానీ కరెంటు పోయినా ఎక్కడిదక్కడే నిలబడుతుంది. బాల్ స్క్రూలో నట్టుకీ స్క్రూకీ మధ్య ఉక్కు గుండ్లు దొర్లుతాయి. రాపిడి దాదాపు ఉండదు, 90 శాతం శక్తి పనికి వస్తుంది. కానీ కరెంటు పోగానే పైనున్న బరువే స్క్రూని వెనక్కి తిప్పేస్తుంది, సీటు కిందికి దిగిపోతుంది. మెల్లగానా, దబ్బుమనా అనేది బరువుని బట్టి. అందుకని చట్రం కింద నాలుగు చోట్ల గట్టి రబ్బరు దిమ్మలు ఉండాలి, చట్రానికీ నేలకీ మధ్య చెయ్యి నలిగే సందు లేకుండా. బ్రేకు ఉన్న సర్వో మోటార్లు కూడా దొరుకుతాయి, ధర ఎక్కువ.

చిన్న పిల్లలున్న ఇల్లయితే ఇంకో మాట. సీటు కింద బంతి దొర్లిపోయింది, దాని కోసం నాలుగేళ్ల పిల్ల చెయ్యి పెట్టింది, పైన అన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుతున్నాడు. 270 కిలోల తోపు ఉన్న యంత్రం అది. చుట్టూ కిందిదాకా అట్టో రబ్బరు షీటో బిగించండి. పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఎర్ర స్టాప్ బటన్లు రెండు పెట్టండి, ఒకటి ఆడేవాడి చేతికి, ఒకటి గది తలుపు దగ్గర. గది తలుపుకి గడియ కూడా.

సర్వోలు 230 వోల్టుల మీద నడుస్తాయి. నాలుగు 750 వాట్లవి ఒక్కసారి గట్టిగా లాగితే 3 కిలోవాట్లు. ఎప్పుడూ అంత తినవు, కానీ ఆ క్షణానికి తగ్గ తీగ, 16 ఆంపియర్ల సాకెట్, అన్నిటికంటే ముందు నిజంగా పనిచేసే ఎర్త్ ఉండాలి. చాలా ఇళ్లల్లో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించకుండా ఆ చట్రం మీద ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. స్విచ్ ఆపిన తర్వాత కూడా డ్రైవ్ లోపల కాసేపు కరెంటు నిలవ ఉంటుంది, వెంటనే మూత తీయకూడదు.

తక్కువ డబ్బుతో చేసే పద్ధతి

బరువంతా మోటార్లే మోయాలన్న రూలు లేదు. సీటు కింద సరిగ్గా బరువు మధ్యలో ఒక గట్టి స్తంభం పెట్టి, దాని మీద లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో వాడే క్రాస్ జాయింట్ బిగిస్తే, మొత్తం బరువు ఆ స్తంభమే మోస్తుంది. సీటు ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ ఒరగడానికి కొంచెం తోపు చాలు. దానికి కారు వైపర్ మోటార్లు రెండు సరిపోతాయి. వైపర్ మోటారుకి 50 మి.మీ. చెయ్యి బిగించి సెకనుకి ఒక చుట్టు తిప్పితే దాని చివర వేగం సెకనుకి 314 మి.మీ. చూశారా, వేగం అంటే ఇది. పాత ఇనుము దుకాణాల్లో దొరికే సరుకే. ప్రతి మోటారు షాఫ్ట్‌కి ఒక పొటెన్షియోమీటర్, ఒక మోటార్ డ్రైవర్ బోర్డు, ఒక ఆర్డుయినో, గేమ్ నుంచి కదలిక సమాచారం తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే కుర్చీ కదులుతుంది. పైకీ కిందికీ ఎగరడం ఉండదు, గేర్లలో కాస్త ఆట ఉంటుంది, చప్పుడు ఉంటుంది. కానీ మలుపుకి మలుపు దగ్గరే ఒరుగుతుంది.

ఒకటి మాత్రం మరిచిపోకూడదు. స్తంభం సరిగ్గా బరువు మధ్యలో ఉండాలి. నాలుగు అంగుళాలు ముందుకో వెనక్కో పడితే మోటారు ఎప్పుడూ బరువు మోస్తూనే ఉంటుంది, కాలిపోతుంది. మనిషిని కూర్చోబెట్టి, కింద ఒక పైపు పెట్టి, తక్కెడలా ఎటూ ఒరగకుండా నిలిచే చోటు చూసి గుర్తు పెట్టాకే వెల్డింగ్‌కి పంపాలి.

మావాడు ఇప్పుడు ఈ పద్ధతిలోనే మళ్లీ మొదలుపెట్టాడు. ఖాలాకి చెప్పాల్సింది నేనే చెప్పాను, తిట్లు ఇద్దరం సగం సగం పంచుకున్నాం. పాత యాక్చుయేటర్లలో రెండు, సోలార్ ప్యానెల్ తిప్పే ప్రాజెక్టు చేస్తున్న కాలేజీ జూనియర్ ఒకడు 1,500 చొప్పున కొనుక్కున్నాడు. మిగతా రెండూ నానీ మంచం తల వైపు పలక కింద బిగించాడు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, తెల్లవారుజామున లేవాలంటే ఎవరో ఒకరు వెనక నుంచి ఎత్తాల్సి వచ్చేది. ఇప్పుడు దిండు పక్కనున్న స్విచ్ నొక్కుకుంటుంది, పలక జూ అంటూ లేస్తుంది. 150 మి.మీ. లేవడానికి 15 సెకన్లు పడుతుంది, మధ్యలో కరెంటు పోయినా పలక అక్కడే ఆగి ఉంటుంది.